పడమటి సావిడి మూలస్థితి

ఒక వస్తువు మొదట ఏమై ఉండేదో తెలుసుకుంటే ఇప్పుడది ఏమిటో తెలిసిపోతుందని ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పాను. విద్యార్థులు రాసుకున్నారు. పరీక్షల్లో నాకే తిరిగి రాసి ఇచ్చారు. ఆ మాటను నమ్మి ఎవరూ ఒక్క పనీ చేయలేదు గనుక అది నిజమో కాదో నాకు తెలిసే అవకాశం రాలేదు. చివరికి మా విశ్వవిద్యాలయం నమ్మింది.

నేను వాస్తుశిల్ప చరిత్ర ఆచార్యుణ్ని. మా వీధిలో వాళ్లు వంటగది ఏ మూలన ఉండాలని నన్ను అడుగుతూ ఉంటారు. తెలియదంటే జాలిపడతారు. ఈ ముప్పై నాలుగేళ్లలో మొదటి పన్నెండూ పరిశోధనకూ బోధనకూ పోయాయి. ఆ తర్వాత బోధనతో పాటు మా శాఖ మ్యూజియాన్ని కూడా నాకు అప్పగించారు. అప్పగించేనాటికి అందులో ఒక విరిగిన కుర్చీ, ఒక భూగోళం ఉండేవి. ఆ రెండూ భూగోళశాస్త్ర శాఖవని తేలాక మ్యూజియం పూర్తిగా నాదైంది.

అప్పటి నుంచి తలుపులు పోగుచేశాను. ఊళ్లో ఏ పాత ఇల్లు కూలుస్తున్నారని తెలిసినా బండి కట్టించుకుని వెళ్లేవాణ్ని. కూలీలను బతిమాలి, గృహస్థును బతిమాలి, ఒక్కోసారి అతని తల్లిని బతిమాలి, తలుపు విప్పించి తెచ్చేవాణ్ని. అలా నలభై ఒక్క తలుపులు చేరాయి. మా పడమటి సావిడిలో గోడలకు ఆనించి నిలబెట్టి, ఒక్కొక్కదానికి ఒక అట్ట కట్టాను. ఏ ఇంటిది, ఏ కలప, ఎవరు చెక్కారు, ఇల్లు ఎలా ఉండేది, అన్నీ అందులో ఉంటాయి. సావిడి మధ్యలో తాటాకు కప్పుతో ఒక గుండ్రటి చుట్టిల్లు కూడా కట్టించాను. నిజం చుట్టింట్లో సగం కొలతలు.

ఏడు నెలల్లో నా పదవీ విరమణ. నా తర్వాత కూడా ఆ తలుపులు ఒక కప్పు కింద ఉండాలి. నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

సరిగ్గా ఆ రోజుల్లో మా రిజిస్ట్రారుగారి కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది.

"ప్రాంగణమందలి డెబ్బది సంవత్సరములు పైబడిన సమస్త భవనములను వాటి వాటి మూలస్థితికి పునరుద్ధరించవలెనని పాలకమండలి తీర్మానించినది. మూలస్థితిని గూర్చి ప్రామాణిక ఆధారములు గల శాఖాధిపతులు వాటిని పక్షము దినములలో మూడు ప్రతులుగా సమర్పించవలెను. ఆధారములు లేని భవనములకు ఈ పథకము వర్తించదు."

చివరి వాక్యాన్ని మిగతా శాఖాధిపతులు నాకంటే జాగ్రత్తగా చదివారు. ఒకరు తమ ఆధారాలను చెదలు తినేశాయని రాశారు. వాణిజ్యశాస్త్ర శాఖాధిపతి తమ భవనం అనాది అని రాశారు. నా దగ్గర మాత్రం ఆధారం ఉంది. యౌవనంలో నేను రాసిన మొదటి పరిశోధన వ్యాసం ఆ సావిడి గురించే. ఎనభై ఆరు పుటలు. దాన్ని అంతవరకూ చదివినవాళ్లు ముగ్గురు: నేను, టైపు చేసినాయన, పరీక్షకుడు. పరీక్షకుడు చదివాడనడానికి గట్టి రుజువు లేదు.

మూడు ప్రతులు అడిగితే పద్నాలుగు ఇచ్చాను. ఎందుకని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. మ్యూజియానికి మేలు జరుగుతుందనుకున్నాను. సమాధానంలో అది సగం. ఎవరైనా చదువుతారేమోనన్నది తక్కిన సగం.

చదివారు. మూలస్థితి పునరుద్ధరణ సంఘానికి అధ్యక్షుడు జంతుశాస్త్ర ఆచార్యుడు రామభద్రరాజుగారు. ఆయన ఒక గుమస్తాను వెంటబెట్టుకుని సావిడికి వచ్చినప్పుడు ఆయన చేతిలో నా వ్యాసం ఉంది. అంచుల నిండా పెన్సిలు గీతలు. నా మాటల కింద మరొకరి గీతలు చూడడం అదే మొదటిసారి. కళ్లు చెమర్చాయి.

"అద్భుతమండీ సోమయాజులుగారూ! నలభై ఏడో పుటలో నిర్ద్వంద్వంగా నిరూపించేశారు. ఇది గుర్రపుశాల."

"అవునండి. జమీందారీ రోజుల్లో. నేల వాలు చూడండి, నీళ్లు పోయే కాలువ చూడండి. గోడలకు ఇనుప కడియాలు కూడా..."

"ఇరవై రెండు."

"ఇరవై రెండండి," అన్నాను గర్వంగా.

ఆయన సావిడి ఈ చివర నుంచి ఆ చివర వరకు కలయజూశారు. "మరి గుర్రాలేవండీ?"

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"పోయాయండి. తొంభై ఏళ్లవుతుంది."

"ఈ తలుపులు?"

"ఇది మ్యూజియమండి."

"ఎనభై ఆరు పుటల్లోనూ మ్యూజియం అన్న మాట ఎక్కడా లేదే!"

లేదు. నేను ఆ వ్యాసం రాసేనాటికి మ్యూజియం పుట్టలేదు.

వారం తిరగకుండా సంఘం నివేదిక నా బల్ల మీదికి వచ్చింది. "గుర్రములు: ఉండవలసినవి ఇరవై రెండు, ఉన్నవి సున్న. లోపమునకు కారణము శాఖాధిపతి వివరించవలెను. అన్యవస్తువులు: తలుపులు నలుబది ఒకటి. తొలగించదగినవి."

మ్యూజియం అటెండరు పైడమ్మకు చదివి వినిపించాను. ఆమె నా దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. తలుపుల దుమ్ము దులపడంలో ఆమెకు ఒక పద్ధతి ఉంది: పెద్దింటి తలుపులకు మెత్తని గుడ్డ, మిగతావాటికి చీపురు. ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు.

"ఏటి మేస్టారూ, గుర్రాలొత్తాయా ఇక్కడికి?"

"వస్తాయంటున్నారు."

"ఆటి పేడ ఎవులెత్తుతారు?"

నివేదిక ఆ విషయం స్పృశించలేదు.

ఇరవై రెండు గుర్రాల కోసం ప్రకటన ఇచ్చారు. ఒక్కటి దొరికింది. పెళ్లి ఊరేగింపుల గుర్రం. ఆషాఢమాసం గనుక దానికి పని లేదు. నుదుటి మీద తళుకుల బొట్టు అలాగే ఉంది. దాని యజమాని అప్పన్న దాన్ని మూడో కడియానికి కట్టి, ఒక పెంకుటింటి తలుపుకు ఆనుకుని కూర్చుని చుట్ట వెలిగించాడు.

ఆ గుర్రం ఆలనాపాలనా ఏ విభాగం చూడాలన్నది పెద్ద ప్రశ్న అయింది. సిబ్బంది కాదు, విద్యార్థి కాదు, ప్రదర్శన వస్తువు అసలే కాదు. రిజిస్ట్రారుగారు న్యాయసలహా తీసుకుని తీర్పు చెప్పారు: "గుర్రము భవనములో అంతర్భాగము. కనుక నిర్వహణ ఇంజనీరింగు విభాగమునకు చెందును." మర్నాడే ఇంజనీరుగారు వచ్చి గుర్రం పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచారు. ఫారంలో ఒక గడి దగ్గర ఆగారు.

"బరువు మోసేదా, మోయనిదా?"

"ఎందుకు మోయదండీ!" అన్నాడు అప్పన్న, అవమానం జరిగినట్టు. "పెల్లికొడుకుతో పాటు తోడుపెల్లికొడుకుని కూడా మోస్తాది."

"మోయునది," అని రాసుకుని, దాన్ని కదిలించాలంటే ముందుగా పైకప్పుకు ఆసరా ఏర్పాటు చేయాలని హెచ్చరించి వెళ్లారు.

మూడో రోజు ఉదయం నేను తరగతిలో ఉండగా పైడమ్మ పరుగెత్తుకొచ్చింది.

"మేస్టారూ! గుర్రం ఇల్లు తినీసింది!"

చుట్టింటి కప్పు మీద ఒక్క తాటాకు లేదు. వాసాలు మిగిలాయి. గుర్రం నెమరు వేయదని నాకు తెలుసు, అయినా అది ఏదో ఆలోచిస్తున్నట్టే నమిలింది. జరిగినదాని మీద లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాను. భవనంలో ఒక భాగం మరో వస్తువును తినడం నిర్వహణ లోపం కిందికి రాదని జవాబు వచ్చింది. తలుపులను పక్షం రోజుల్లో తీసేయమని అందులోనే గుర్తుచేశారు.

అప్పుడు నేను రెండో వ్యాసం రాశాను. తొమ్మిది రోజులు పట్టింది.

ఆ సావిడి పునాది ఇటుక గోడల ఇటుక కంటే పాతది. గుర్రపుశాలకు ముందు అక్కడొక ఉప్పుకొఠారు ఉండేది. సముద్రం నుంచి బళ్ల మీద వచ్చిన ఉప్పును అక్కడ నిలవచేసేవారు. ఈ సంగతి నాకు ముప్పై ఏళ్ల కిందటే తెలుసు. గుర్రాల కథ ముందు ఉప్పు చప్పగా కనిపించి పుట అడుగున అధోజ్ఞాపికలో పెట్టేశాను. ఇప్పుడు దాన్ని పైకి తెచ్చాను. కొఠారు అంటే వస్తువులను దాచే చోటు, తలుపులు వస్తువులు, కాబట్టి దాచవచ్చు. నేను రాసింది నిజమే. అయితే అవసరం కోసం రాసిన నిజం. ఈ రెండింటికీ తేడా ఉందని ప్రతి ఏడూ మొదటి తరగతిలో చెప్పేవాణ్ని. ఆ ఏడు చెప్పలేదు.

సంఘం నా వాదనను హర్షధ్వానాల మధ్య ఆమోదించింది. "మూలస్థితిగా ఇదివరలో భావింపబడిన స్థితి మూలస్థితి కాదని తేలినందున" గుర్రాన్ని భవనం నుంచి తొలగించారు. కప్పు పడలేదు. శ్రావణం వచ్చింది, గుర్రానికీ పని దొరికింది. తలుపులు నిలిచాయి. పైడమ్మ నేల మూడుసార్లు కడిగింది.

పది రోజులు నిశ్చింతగా ఉన్నాను. పదకొండో రోజు రామభద్రరాజుగారు ఒంటరిగా వచ్చారు. ఆయన ముఖంలో కొత్త వెలుగు ఉంది. ఆలస్యంగా విద్య అబ్బినవాళ్ల ముఖాల్లో నేను దాన్ని చూశాను.

"సోమయాజులుగారూ, ముప్పై ఏళ్లు కప్పల్ని కోశాను. ఇంత ఆనందం ఎరగను. మీ పద్ధతి నాకు వంటబట్టింది. ఉప్పుకొఠారుకు ముందేమిటండీ?"

"తెలియదండి."

"మీరు తెలియదంటే ఎలా? పునాది కింద ఏముంది?"

"ఏముంటుందండీ, మట్టి."

"మట్టికి ఆధారం?"

"మట్టికి ఆధారమేమిటండీ, మట్టే!"

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. "చాలు. ఇంతకంటే వెనక్కి సంఘం వెళ్లనక్కర్లేదు."

పడమటి సావిడిని మట్టి స్థితికి పునరుద్ధరించాలని ఉత్తర్వు వచ్చింది. కూల్చడం అన్న మాట అందులో ఎక్కడా లేదు. నేను రిజిస్ట్రారుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన నన్ను కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించారు.

"మీరు తత్త్వం చదువుకున్నవారు. మీకు నేను చెప్పాలా? కుండ పగిలితే కుండలోని ఆకాశానికేమవుతుందండీ?"

"ఏమీ కాదండి."

"అంతే కదా. గోడలు పోతే మీ మ్యూజియంలోని ఆకాశం ఎక్కడికీ పోదు. విస్తీర్ణం కూడా పెరుగుతుంది."

"కుండలో నీళ్లుంటే పోతాయండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీళ్ల ప్రస్తావన తీర్మానంలో లేదు."

సావిడిని ఒక్క పూటలో పునరుద్ధరించారు. రెండు యంత్రాలు వచ్చాయి. గోడలు పడుతుంటే రామభద్రరాజుగారు నా వ్యాసం తెరచి, పడుతున్న గోడను అందులోని వర్ణనతో సరిచూసుకుంటూ, "కడియాలు ఇరవై రెండే, ఇరవై రెండే" అని మెచ్చుకున్నారు. తర్వాత నేలను చదును చేసి, చుట్టూ ముళ్లతీగ వేసి, "మూలస్థితి. ప్రవేశము నిషిద్ధము" అని బోర్డు పెట్టారు. ప్రారంభోత్సవానికి ఉపకులపతిగారు వస్తారని ప్రకటించారు.

తలుపులు బయట పడ్డాయి. ఏ శాఖా చోటివ్వలేదు. ఎవరి భవనానికీ ఆధారాలు లేవు గనుక, అందులోకి ఏదైనా వస్తే ఆధారం అవుతుందేమోనని వాళ్ల భయం. ముళ్లతీగ పక్కన టార్పాలిను కింద ఒకదాని మీద ఒకటి పేర్చాము. భాద్రపదం వానలు మొదలయ్యాయి.

తలుపుల విషయం సంఘం మర్చిపోతుందని ఆశపడ్డాను. మర్చిపోలేదు. తలుపుకు మూలస్థితి చెట్టు అని తీర్మానించి, అన్నింటినీ వృక్షశాస్త్ర శాఖకు పంపింది. ఆ శాఖాధిపతి పద్ధతి తప్పని మనిషి. పది రోజులకు అన్నీ తిరిగొచ్చాయి, ఒక లేఖతో. "నలుబది ఒక్క నమూనాలను తేమ గల నేలలో నిలిపి పరిశీలించితిమి. చిగురు కనబడలేదు. ఈసారి వేళ్లతో సహా పంపవలసినదిగా కోరడమైనది."

అయితే చెట్టుకు ముందున్నదేమిటో సంఘానికి ఈపాటికి తెలుసు. సోమవారంనాడు తలుపులను మట్టిలో పాతాలని శుక్రవారం నిర్ణయం జరిగింది. గొయ్యి ఎక్కడ తవ్వాలన్నది ఒక్కటే తేలలేదు. మూలస్థితిలో ఉన్న నేలను తవ్వకూడదు.

శనివారం సాయంత్రం నేనూ పైడమ్మా టార్పాలిను కింద తలుపుల మీద కూర్చున్నాం. తలెత్తి ఆమె వంక చూడలేకపోయాను. నలభై ఒక్క ఇళ్లు కూలుతుంటే చూసి, ప్రతిచోటా తలుపును మాత్రం రక్షించానని అనుకున్నవాణ్ని. ఆ ఇళ్లు కూల్చినవాళ్లెవరూ చరిత్ర చదవలేదు. ఇప్పుడు కూలుస్తున్నవాళ్లు నన్నే చదివారు.

"మేస్టారూ, ఒక మాట అడగనా? కోపం సెయ్యకండి."

"అడుగు."

"తలుపుకి ఏటి పని?"

"తలుపనేది లోపలికీ బయటికీ మధ్య ఒక..."

"అది కాదండీ బాబూ. మా కాలనీకి ఇల్లు కట్టినోడు గోడలెట్టాడు, రేకులేశాడు, తలుపులెట్టకుండా ఎల్లిపోనాడు. మూడేల్లయింది. నలభై మూడు గుమ్మాలకి గోనెపట్టాలు కట్టుకున్నాం. కుక్కలొచ్చి అన్నం కుండలు దొర్లించీస్తన్నాయి. మా కోడలు బట్టలు మార్సుకోవాలంటే నాను గుమ్మంలో సీర పట్టుకు నిలబడాల. ఈల్లేమో ఇన్ని తలుపులట్టుకెల్లి గోతిలో పాతీత్తామంతన్నారు. తప్పు కాదా?"

పద్దెనిమిదేళ్లు ఈమె నలభై ఒక్క తలుపులు తుడిచి, సాయంత్రం ఇంటికి వెళ్లింది. అందులో చివరి మూడేళ్లు గోనెపట్టా ఎత్తి లోపలికి వెళ్లింది. నేను ఏనాడూ అడగలేదు. ఆమెది ఏ ఇల్లో, తలుపు ఏ ఇంటిదో అన్న రెండు ప్రశ్నల్లో నాకు రెండోది మాత్రమే తోచేది.

అక్కడే కూర్చుని మూడో వ్యాసం రాశాను. ఒక్క పుట. "చెట్టును కోసినప్పుడు అది కలప. చెక్కినప్పుడు చెక్క. గుమ్మానికి బిగించిన క్షణాన మాత్రమే అది తలుపు. అంతకు ముందు తలుపు అనేది లేదు. కనుక తలుపునకు మూలస్థితి గుమ్మము." అధోజ్ఞాపికలు లేవు. ఆధారాలూ లేవు. ఇదీ అవసరం కోసం రాసిందే. ఈసారి నాకు సిగ్గనిపించలేదు. దాని గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

ఆదివారం రామభద్రరాజుగారి ఇంటికి వెళ్లి చేతికిచ్చాను. రెండుసార్లు చదివారు. కన్నీళ్లు పెట్టుకున్నారు.

"క్షణంలో పుట్టే మూలం! సంఘం ఈ దృష్టితో చూడనే లేదండీ."

ఆ తలుపుల ఇళ్లేవీ ఇప్పుడు లేవు గదా అని సోమవారం సమావేశంలో ఎవరో అడ్డుచెప్పారట. ఉపకులపతిగారు బుధవారం వస్తున్నారు, ముళ్లతీగ పక్కన చెత్త ఉండకూడదు అని రిజిస్ట్రారుగారు గుర్తుచేసి, "గుమ్మము" అన్న చోట "ఏదేని గుమ్మము" అని సవరించారు. మంగళవారం తలుపులతో పదకొండు బళ్లు పైడమ్మ కాలనీకి వెళ్లాయి.

నలభై మూడు ఇళ్లకు నలభై ఒక్క తలుపులు. తలుపు దొరకని రెండిళ్ల వాళ్లు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. వడ్రంగి కింతలి సూరయ్య, "తలుపుకి తగ్గట్టు గోడ కొయ్యాల, గోడకి తగ్గట్టు తలుపు కొయ్యనివ్వరు, ఏటి కర్మ నాది" అని తిట్టుకుంటూ బిగించాడు. రెండు మూడు ఇళ్లలో తలుపు గోడకంటే ఎత్తు. ఒక ఇంట్లో ముందు గోడ మొత్తం తలుపే. పైడమ్మకు ఒక ఓడల వర్తకుడి మేడ సింహద్వారం వచ్చింది. పాత టేకు, ఇత్తడి గుబ్బలు, పైన రెండు చిలకలు. ఆ తలుపుకు ఆమె ఎప్పుడూ మెత్తని గుడ్డ వాడేది.

నేను విరమణ పొందిన తర్వాతి ఆదివారం పైడమ్మ టీకి పిలిచింది. రేకుల కింద ఉక్కగా ఉంది. ఆమె కోడలు గాజుగ్లాసులో టీ తెచ్చి ఇచ్చి, పీట వేసింది. రెండు గుక్కలు తాగానో లేదో, బయట మాటలు వినిపించాయి. గుమ్మంలో రామభద్రరాజుగారు, వెనక టేపు పట్టుకుని గుమస్తా.

"పైడమ్మ అంటే ఎవరు?"

"నానే బాబూ."

"తలుపును గుమ్మానికి పునరుద్ధరించడం జరిగింది. సంతోషం. ఇక గుమ్మాన్ని పునరుద్ధరించాలి." ఆయన జేబులోంచి నేను రాసిన అట్ట తీశారు. "రెండంతస్తుల మేడ. ముందు ఎనిమిది స్తంభాల వసారా. మేడ మీద రంగుటద్దాల కిటికీలు. ఇవన్నీ ఏవీ?"

పైడమ్మ తన ఒంటిగది ఇంటిని ఒకసారి చూసుకుంది. "ఏటి బాబూ ఏవీ?"

"స్తంభాలు. కనీసం స్తంభాలు. మీ ఇల్లు ఈ తలుపుకు అనుగుణంగా లేదమ్మా. పక్షం రోజుల్లో..." అప్పుడు ఆయన నన్ను చూశారు. ముఖం వికసించింది. "సోమయాజులుగారూ! ఇక్కడే ఉన్నారా! మంచిదైంది. స్తంభాల విషయంలో మీ అభిప్రాయమేమిటండీ?"

నాకు అభిప్రాయం ఉంది. స్తంభాలు తర్వాతి కాలంలో చేర్చినవి. వాటి కింది పీఠాల శైలి వేరు. నా దగ్గర కొలతలున్నాయి. నాలుగో వ్యాసం మొదటి వాక్యం నాలుక చివరికి వచ్చేసింది. నోరు తెరిచాను.

"మేస్టారు టీ తాగతన్నారండి," అంది పైడమ్మ.

రెండు రెక్కలూ దగ్గరకు లాగింది. అంత బరువు తలుపు ఆమె చేతికి తేలిగ్గా వచ్చింది. లోపల గడియ పడింది. గది చీకటైంది, కొంచెం చల్లబడింది. ఇరవై రెండేళ్లలో నేను దాచిన ఏ తలుపైనా మూసుకోగా చూడడం అదే మొదటిసారి. లోపలి వైపు నుంచి చూడడమూ అదే మొదటిసారి. లోపలి వైపు చిలకలు లేవు. సాదా చెక్క.

బయటి నుంచి గుమస్తా గొంతు వినిపించింది.

"తలుపు స్థితి ఏమని రాయమంటారండీ?"

రామభద్రరాజుగారు చాలాసేపు ఆలోచించి ఉంటారు.

"మూసివున్నదని రాయి."

అడుగుల చప్పుడు దూరమైంది. పైడమ్మ నా గ్లాసు అందుకుని మరికొంచెం టీ పోసింది.